ఏడో పొట్లం మీద ఊరి పేరు

ముప్పై ఏళ్లకు పైగా నేను పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. పాఠం కంటే ఎక్కువగా ఒక్క మాటే చెప్పాననిపిస్తుంది. మొక్క పేరు తెలియకపోతే రేపైనా తెలుసుకోవచ్చు గానీ, దాన్ని ఎక్కడ తీశావో రాసుకోకపోతే నువ్వు తెచ్చింది ఉత్త గడ్డి అని. ఊరి పేరు తప్పు రాసిన పిల్లల రికార్డులు బల్ల అవతలకు విసిరేసిన రోజులున్నాయి. నాకు కోపం ఎక్కువ. ఆ పిల్లల్లో కొందరు ఇప్పటికీ బజారులో నన్ను చూసి పక్క సందులోకి తిరుగుతారు. వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. నేను కూడా ఒకసారి ఊరి పేరు తప్పు రాశాను. పొరపాటున కాదు, తెలిసే రాశాను. దాని వల్ల గోరులో సగం లేని ఒక చిన్న నాచు, మా జిల్లాలో ఇక లేదని కాగితాలకెక్కే దాకా వచ్చింది.

మాది సిరిసిల్లలో నేత ఇల్లు. నా చిన్నప్పుడు ఇంట్లో గుంట మగ్గం ఉండేది. తర్వాత మా వాడలో ఒక్కొక్క ఇంట్లోకీ పవర్‌లూమ్‌లు వచ్చాయి, బాపు కూడా వాటి దగ్గరికే పనికి పోయాడు. కానీ నా తలలో మిగిలింది గుంట మగ్గం ఇల్లే. పెరట్లో నూలుకు గంజి పట్టించేవాళ్లు. ఆ గిన్నెలు కడిగిన నీళ్లు పడీ పడీ వెనక గోడ ఎండాకాలంలోనూ తడిగా ఉండేది. దాని మీద పచ్చగా నాచు. అమ్మ ఏడాదికోసారి చీపురుతో గీకి సున్నం కొట్టేది. నాలుగు వానలు పడితే మళ్లీ పచ్చగా అయ్యేది. నేను ఆ గోడకు చెంప ఆనించి నిలబడేదాన్ని. చల్లగా, మెత్తగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే చదువు అక్కడే మొదలైందని తెలుస్తోంది. అప్పుడు మాత్రం జలుబు చేస్తుందని వీపు మీద దెబ్బలే పడ్డాయి.

బాపు దగ్గర ఒక చిన్న అద్దం ఉండేది. ఇత్తడి చట్రంలో మడిచి పెట్టుకునేది. బట్ట మీద పెట్టి చూస్తే అంగుళంలో ఎన్ని పోగులున్నాయో లెక్క తెలుస్తుంది. నేను ఎమ్మెస్సీ చదివి కోరుట్లలో కాలేజీలో కుదిరినప్పుడు, బాపు ఆ అద్దం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నాకిప్పుడు దీంతోటి పని లేదు బిడ్డా. మిషన్ నేసిన బట్టకు పోగులెవ్వలు లెక్కవెడ్తరు? నీ పాచికన్న అక్కరకొస్తది."

మా ఇంట్లో అందరికీ నేను చదివింది పాచి చదువే. చుట్టాలొస్తే, "మా బిడ్డ పాచి మీద పెద్ద చదువు చదివింది" అని బాపు గొప్పగానే చెప్పేవాడు. విన్నవాళ్లు ముక్కున వేలేసుకునేవారు.

అవి జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లలో అన్నలు, అంటే నక్సలైట్లు, తిరుగుతున్న రోజులు. బస్సెక్కితే పోలీసులు దారిలో ఎక్కడో ఒకచోట ఆపి సంచులు వెతికేవాళ్లు. పెళ్లికి పోతున్నామన్నా, పురుడు చూడ్డానికి పోతున్నామన్నా ఏ ఊరు, ఎవరిల్లు అని అడిగేవాళ్లు. ఆ కాలంలో ఒక ఆడమనిషి ఆదివారం పూట సంచి తగిలించుకుని, వాగుల వెంట, పాడుపడ్డ బావుల చుట్టూ తిరుగుతూ గోడలకు కళ్లానించి చూస్తోందంటే ఎవరికైనా అనుమానమే. అన్నలు నన్ను పోలీసుల మనిషి అనుకోవచ్చు, పోలీసులు అన్నల మనిషి అనుకోవచ్చు. ఇరవై ఆరేళ్ల వయసులో నాకు ఇవేమీ తలకెక్కలేదు. వానాకాలం నాలుగు నెలలే కదా, పచ్చగా ఉన్నప్పుడే చూడాలి కదా అన్నదొక్కటే నా తొందర.

నాచును పెద్ద మొక్కల్లా అట్టల మధ్య పెట్టి నొక్కరు. కాగితంతో పొట్లం కట్టి, లోపల ఆరనిచ్చి, పైన వివరాలు రాస్తారు. పొట్లాలకు నేను ఏ కాగితం వాడానో చెబితే ఇప్పటికీ నా విద్యార్థులు నమ్మరు. ఆ రోజుల్లో కాలేజీ గేటు దగ్గర, అంగడిలో అన్నలు గుప్పెళ్లకొద్దీ కరపత్రాలు వెదజల్లిపోయేవాళ్లు. చూసినవాళ్లు వంగి తీయడానికి భయపడేవాళ్లు. నేను మాత్రం అవి చూసి సంబరపడ్డాను. పలుచని గరుకు కాగితం, తడిని బాగా పీలుస్తుంది, ఒకవైపే అచ్చు. అచ్చు లోపలికి పోయేలా మడిస్తే పైన రాసుకోవడానికి తెల్లగా చోటు. దొరికినవన్నీ ఏరి పరుపు కింద దొంతర పెట్టుకున్నాను. వాటి మీద ఏముందో ఒక్కసారీ పూర్తిగా చదవలేదు. తెలివిగల మనిషి తెలివి ఒక్కోసారి ఇలాగే తగలడుతుంది.

ఇంకో చెడ్డ అలవాటు కూడా ఉండేది. తిరిగే చోట పొట్లం మీద అంకె మాత్రమే వేసేదాన్ని. ఊళ్ల పేర్లు తర్వాత ఇంట్లో తీరిగ్గా కూర్చుని రాసేదాన్ని.

ఒక శ్రావణమాసంలో జగిత్యాల నుంచి కోరుట్ల వచ్చే దారిలో బస్సు దిగి, రెండు మైళ్లు లోపలికి నడిచి ఒక ఊరికి పోయాను. ఆ ఊరి దొర భూములు వదిలేసి పట్నం వెళ్లిపోయాడు. పొలాల్లో అన్నలు ఎర్రజెండాలు పాతారు. దున్నడానికి దొర రాలేడు, కౌలుకు పట్టడానికి ఎవరూ సాహసించరు. నలభై ఎకరాలు పడావు పడింది. ఆ పొలాల మధ్య ఒక మోటబావి ఉందని, మెట్లతో లోపలి దాకా రాతికట్టు ఉందని మా కాలేజీలో ఒక పిల్ల చెప్పింది.

ఊరి చివర ఇంట్లో అరుగు మీద ఒకామె చేటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. నలభై అయిదేళ్లుంటాయి. బావికి దారి అడిగాను.

"గా బాయిల ఏమున్నది? మోట ఆగి మూడేండ్లాయె. పాములుంటయి."

"పాచి కోసం పెద్దమ్మా."

ఆమె నా మొహం, నా చెప్పులు, నా సంచి చూసింది. తర్వాత చేట పక్కన పెట్టి లేచింది. "నడువు. ఒక్కదానివి దిగకు" అంది.

నీళ్లు తోడక మూడేళ్లయింది కాబట్టి బావి నిండుగా ఉంది. ఎండ పడని వైపు రాళ్ల సందుల్లో, నీటికి జానెడు ఎత్తున, నాచు. మామూలు నాచులు నాకు చూడగానే తెలుస్తాయి. ఇది వాటిలో లేదు. మెట్టు మీద పడుకున్నంత పని చేసి అద్దంలోంచి చూశాను. ఆకులు రెండు వరసలుగా, చదునుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. జాతి తెలుసు, ఫిసిడెన్స్. అయితే ఆ జాతిలో ఎన్నో రకాలు. ఇది ఏ రకమో నాకు అంతు చిక్కలేదు. నేను కింద అలా తిప్పలు పడుతుంటే ఆమె పై మెట్టు మీద కూర్చుని నా కొంగు పట్టుకుంది, జారతానని.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే అన్నం పెట్టింది. జొన్నగటక, చింతతొక్కు. వద్దంటే వినలేదు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పింది.

"నాకొక్క కొడుకు. అన్నలల్ల కలిసి లోపలికి పోయి రెండేండ్లాయె. పోలీసులు నెలకోపారి వస్తరు. కుండలు పలగ్గొడ్తరు, నా బిడ్డను భయపెడ్తరు. నువ్వు మా ఊరికొచ్చినవని, మా ఇంట్ల తిన్నవని ఎక్కడ చెప్పకు బిడ్డా. నీకూ మంచిగాదు, నాకూ మంచిగాదు."

చెప్పనని అన్నాను. గోడ దగ్గర పదేళ్ల బిడ్డ నిలబడి మమ్మల్నే చూస్తోంది.

తర్వాతి శనివారం, అప్పటిదాకా పోగుచేసిన పొట్లాలు ఏడూ సంచిలో వేసుకుని సిరిసిల్ల బయల్దేరాను. దారిలో బస్సు ఆగింది. అందరినీ దింపారు. ఒక కానిస్టేబులు నా సంచిలోంచి పొట్లం తీసి విప్పాడు. లోపల ఎర్రటి పెద్ద అక్షరాలు. అక్షరాల మీద ఇంత మట్టి, పచ్చటి నాచు. అతను అరిచిన అరుపుకు ఎస్సై పరుగెత్తి వచ్చాడు. నాకు అప్పుడు వెలిగింది, నేను దేంట్లో పొట్లాలు కట్టుకున్నానో.

స్టేషన్లో బల్ల మీద ఏడు పొట్లాలూ వరసగా విప్పి పెట్టారు. ఎస్సైది మా వైపు యాస కాదు.

"ఏంటమ్మా ఇది? ఎవరిచ్చారు?"

"నాచు సార్. నేను లెక్చరర్ని."

"నాచుకి ఈ కాగితాలెందుకు?"

"తడి పీలుస్తాయి సార్."

నిజమే చెప్పాను గానీ, ఆ గదిలో దానికంటే పెద్ద అబద్ధం లేనట్టుగా వినిపించింది. కానిస్టేబులు మట్టిని వేలితో కెలికి వాసన చూశాడు. "సార్, గిది ఉత్త పాచే సార్. మా బాయి మీద గింతకన్న ఎక్కువుంటది" అన్నాడు. ఆ మనిషికి నేను జీవితాంతం రుణపడి ఉన్నాను. అద్దం ఇచ్చి చూడమన్నాను. ఎస్సై చూశాడు. చాలాసేపు చూశాడు. కోపం కాస్త తగ్గింది గానీ అనుమానం తగ్గలేదు. ఒక తెల్లకాగితం నా ముందుకు తోశాడు.

"ఏ అంకె ఏ ఊళ్లో తీశారో వరసగా రాయండి. నేను కనుక్కుంటాను."

ఆరు పొట్లాలకు నిజం రాశాను. గంభీరావుపేట దగ్గర వాగు, తంగళ్లపల్లిలో ఒక కల్వర్టు, వెల్గటూర్ దగ్గర గోదావరి ఒడ్డు బండలు, ఇలా. ఏడోది రాయబోతే ఆ ఊరి చివరి ఇల్లు కళ్ల ముందుకొచ్చింది. గోడ దగ్గర నిలబడ్డ ఆ పదేళ్ల పిల్ల వచ్చింది. నేను ఊరి పేరు రాస్తే, సాయంత్రానికల్లా జీపు ఆ ఇంటి ముందు ఉంటుంది. లెక్చరరమ్మ నీ దగ్గరికి ఎందుకొచ్చింది, ఏం చెప్పి పంపావు అని మొదలవుతుంది. నేను ఆగింది ఒక్క క్షణమే. ఏడో అంకె ఎదురుగా కూడా వెల్గటూర్, గోదావరి ఒడ్డు అని రాశాను. నా అక్షరాలు వణకలేదు. అందుకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కాగితాలు వాళ్లు ఉంచుకున్నారు. నాచు నాకిచ్చేసి, తెల్లకాగితాల్లో కట్టుకోమన్నారు. ఎస్సై ఎదురుగానే కట్టాను, తను చూస్తుండగానే ప్రతి పొట్లం మీదా ఊరి పేరు రాశాను.

సిరిసిల్ల చేరేసరికి బాపు ఇంటి బయట నిలబడి ఉన్నాడు. జరిగింది విని తిట్టలేదు. లోపలికి పోయి, నా చేతిలోంచి అద్దం తీసుకుని, ఏడో పొట్లం విప్పి వెలుతురులో పెట్టి చూశాడు.

"దీని ఆకుకు అంచు గూడ ఉన్నదే!" అన్నాడు.

నేను చూశాను. ఆకు చుట్టూ సన్నగా తెల్లటి అంచు, పంచెకు ఉన్నట్టు. నేను బావిలో గమనించనేలేదు.

"కానీ కొస దాక లేదు బిడ్డా. నేసెటోడు నడుమల్నే లేసి పోయిండు."

ఆ ఒక్క గుర్తుతోనే దాని పేరు తేలింది. నేను వరంగల్లో మా గురువుగారికి పంపితే, ఆయన మరొకరికి చూపించి, చివరికి ఉత్తరం రాశారు. పడమటి కనుమల్లో తడి అడవుల్లో రెండు మూడు చోట్ల తప్ప ఎక్కడా కనబడని రకమట. ఇంత ఎండ నేలలో, దక్కన్ నడిమధ్యలో దొరకడం గొప్ప సంగతట. ఆయన సంతోషంతో అచ్చు వేయించారు. అచ్చులో, వెల్గటూర్ దగ్గర, గోదావరి ఒడ్డు.

నేను చెప్పాల్సింది అప్పుడు. చెప్పలేదు. ఎస్సై దగ్గర నా రాతతో జాబితా ఉంది. ఆ మరుసటి నెలలోనే బావి ఉన్న ఆ ఊళ్లో ఎవరినో పట్టుకుపోయారని తెలిసింది. భయం. ఆ తర్వాత భయం పోయి సిగ్గు వచ్చింది. గురువుగారు పోయారు. నేను ఆ ఊరికి మళ్లీ పోలేదు. పోతే ఆమెను చిక్కుల్లో పెట్టినట్టవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. మిగిలిన సగం, ఆ బావి చూస్తే నా అబద్ధం నా ముందుకొస్తుందని. తరగతిలో మాత్రం ఊరి పేరు, ఊరి పేరు అని పిల్లల ప్రాణం తీశాను.

రిటైరై జగిత్యాలలో స్థిరపడ్డాక ఒకరోజు ఫోన్ వచ్చింది. ఒక పరిశోధక విద్యార్థిని.

"మేడం, మీరు గోదావరి ఒడ్డుకు తీసిన ఫిసిడెన్స్ కోసం మూడు వానాకాలాలు తిరిగిన మేడం. బండబండ చూసిన. దొరకలే. ఇప్పుడు ఆ ఒడ్డు చాలావరకు ప్రాజెక్టు నీళ్లల్ల మునిగింది. మన దగ్గర ఇంక లేదని రాయాల్సొస్తుంది. రాసే ముందు ఒక్కసారి మిమ్మల్ని అడుగుదామని."

మూడు వానాకాలాలు. లేని చోట. ఆ పిల్ల నీళ్లలో మోకాళ్ల దాకా దిగి రాళ్లకు కళ్లానించి చూస్తున్నట్టు కనిపించింది. ఇన్నేళ్లలో ఎవరి రికార్డు విసిరేసినప్పుడూ నాకు కలగనంత కోపం నా మీద నాకు కలిగింది.

"రాయకమ్మా. వచ్చే ఆదివారం జగిత్యాలకు రా" అన్నాను.

ఆదివారం ఆ ఊరి వైపు పోయే బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను.

"మూడు వానాకాలాలు మేడం" అంది ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఒక్క ఫోన్ చేసి చెప్తే అయిపోయేది."

"అవును" అన్నాను.

"ఇప్పుడైనా నేరుగా రాసేద్దాం."

"ఆమెకు మాటిచ్చాను. ఆమె ఉంటే అడిగి రాద్దాం."

పడావు భూములు ఎప్పుడో చేతులు మారాయి. అంతటా పసుపు, మక్కజొన్న. ఊరి చివరి ఇంటికి స్లాబు పడింది. అరుగు అలాగే ఉంది. ఆమె ఉంది. చూపు ఆనడం లేదు, బీడీలు మానేసి చాలా ఏళ్లయిందట. నేనెవరో చెప్పుకునేలోపే నా గొంతును బట్టి గుర్తుపట్టింది.

"పాచి పంతులమ్మవా?"

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలనుకోలేదు.

అప్పటి పదేళ్ల పిల్ల ఇప్పుడు నడివయసు మనిషి. బావి చుట్టూ ఎకరన్నర ఆమెదే. మమ్మల్ని బావికి తీసుకుపోయింది. చుట్టూ బోర్లు పడ్డాక బావిలో నీళ్లు అడుక్కు పోయాయి. మెట్లు కొన్ని కూలాయి. జానెడు ఎత్తున నాచు ఉన్న చోట ఎండి తెల్లబడ్డ రాళ్లు. పరిశోధక పిల్ల దిగింది. నేను పైనుంచి చూస్తూ, ఇక ఇది కూడా నా ఖాతాలోకే అనుకున్నాను.

"మేడం!" అని అరిచింది కింద నుంచి.

మోటారు పైపుకు ఒకచోట అతుకు కారుతోంది. నీళ్లు సన్నగా చిమ్మి ఒక రాయి మీద పడుతున్నాయి. ఆ రాయి మీద అరచేయంత పచ్చదనం. పిల్ల అద్దం పెట్టి చూసి, "అంచు కొస దాకా లేదు మేడం" అంది.

పెద్దమ్మ కూతురు తల గోక్కుంది. "గా పైపు రేపే బాగు చేపిద్దామనుకున్న. మేస్త్రీకి సుత చెప్పిన."

మేమిద్దరం ఒక్కసారే వద్దన్నాం. ఆమెకు నవ్వొచ్చింది. కారే పైపు బాగు చేయొద్దని బతిమాలే చదువుకున్నోళ్లను ఆమె అంతకుముందు చూసి ఉండదు. పరిశోధక పిల్ల ఆమెకు ఓపికగా చెప్పింది. ఇలా ఒక్క చోటే మిగిలినదాన్ని ప్రమాదంలో ఉన్నదని రాస్తారని, రాస్తే నలుగురు వచ్చి చూస్తారని, ఇందులోంచి చిటికెడు తీసి ఇంకో బావిలో పెట్టి బతికించే ప్రయత్నం చేయొచ్చని. ఆమె విని, "సరే, కారనియ్యి" అంది. రాసేవాళ్లు ఏ తరగతి పేరు పెట్టినా, ఆ రోజుకు ఆ నాచు ఆయుష్షు ఆ పైపు చేతిలోనే ఉంది.

ఇంటికి వచ్చి అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె చేయి నా చేతిలోకి తీసుకున్నాను. ఇన్నేళ్లుగా మోసింది మొత్తం చెప్పేశాను. ఊరి పేరు దాచిన సంగతి, ఈ పిల్ల లేనిచోట వెతికిన సంగతి, ఇప్పుడు అసలు పేరు రాస్తే పుస్తకాల్లోకి, కంప్యూటర్లలోకి ఎక్కుతుందని, ఎక్కడెక్కడి వాళ్లో చదువుతారని.

"నువ్వు వద్దంటే రాయను పెద్దమ్మా."

కొడుకు సంగతి నేను అడగలేదు. ఆమె కూతురు బావి దగ్గరే చెప్పింది. శవం చూపించిన వాళ్లు లేరు. బతికి ఉన్నాడన్న వాళ్లూ లేరు. పేపర్లో పేర్లు వచ్చినప్పుడల్లా ఎవరితోనో చదివించుకునేదట. తర్వాత తర్వాత పేర్లు రావడమే ఆగిపోయిందట.

"అప్పుడు వానికోసం ఎవ్వలస్తరో అని భయపడ్డ" అంది ఆమె. "గిప్పుడు ఎవ్వలు రాకనే భయమైతుంది. రాయి బిడ్డా. ఊరి పేరు, ఇల్లు గుర్తు, అన్ని రాయి. వాడు యాడున్నడో. చదువుకున్నోడు గద, వాని కంట్ల పడ్తదేమో. పెద్దగ రాయి."

పొట్లం మీద వివరాలు చిన్న అక్షరాలతో రాయాలి. రాయాల్సినవి చాలా ఉంటాయి, చోటు తక్కువ. తీసినవారి పేరు, తేదీ, ఎత్తు, రాయి రకం. పిల్లలకు నేనే నేర్పాను. ఆ రోజు పరిశోధక పిల్ల దగ్గర కలం తీసుకుని, కొత్త పొట్లం మీద ఆ ఊరి పేరు ఈ చివర నుంచి ఆ చివర దాకా రాశాను. ఇక దేనికీ చోటు మిగల్లేదు.